ఆకురాయి తాకిన చోటు

నా పని ఆసుపత్రిలో.
ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళ నుంచి,
మాత్ర తిన్నాక వేసుకున్నారా, తినకముందా –
ఈ ప్రశ్నల్ని రెండు భాషల మధ్య
పదకొండేళ్ళుగా మోస్తున్నదాన్ని.
ఈసారి పిలుపు ఫ్రీమాంటిల్ రేవు నుంచి.
పేషెంటు ఇత్తడిది, అన్నారు.
మాట్లాడదు. ఒంటి మీద ఏదో రాసి ఉంది.

రేకుల షెడ్డు. ఉడుకు.
మధ్యాహ్నం సముద్రం మీంచి లేచే గాలిని
ఇక్కడివాళ్ళు డాక్టర్ అంటారు;
అది నాకంటే ముందే వచ్చి కూచుంది.
చెక్కపెట్టెలో, పేలాల్లాంటి థర్మాకోల్ ముక్కల్లో
నడుందాకా కూరుకుపోయి
ఒక దీపపు సెమ్మె.

కాగితం ఏమంటోందంటే:
తోటలో పెట్టుకునే అలంకరణ వస్తువు. కొత్తది.
పాతదిలా కనిపించేట్టు చేసినది.
వెల నూట నలభై డాలర్లు.

కస్టమ్స్ ఆఫీసరు మర్లీన్ కొవాచ్
పసిపిల్ల చెవిలో గులిమి తీసినట్టు
దూదిపుల్లతో అక్షరాల్లోని నల్లమైనం తీస్తోంది.
మొదట నాకు దొరికింది బండి ఱ.
మా వాచకాల్లోంచి పింఛనైనా ఇవ్వకుండా
పంపేసిన ముసలి అక్షరం
కంటెయినరెక్కి ఇంత దూరం వచ్చింది.

వేలు పెట్టి కూడబలుక్కున్నాను:
శకవర్షంబులు వెయ్యిన్ని అయిదువందల అరువదియాఱు,
తారణ నామ సంవత్సరం,
గాండ్ల ఎఱ్ఱక్క
తన గానుగలోంచి దినానికి గిద్దెడు నూనె
ఆచంద్రార్కం పోయించేటట్టుగా…
తారణ అంటే దాటించడం, అని చెప్పాను.
"ఏం దాటించడం?" అంది మర్లీన్.
సముద్రం మాత్రం కాదు, అన్నాను.
(చెప్పిందే చెప్పాలి, సొంతం కలపకూడదు – మా వృత్తిధర్మం.
కలిపాను.)

పాదం చుట్టూ చివరి వరుస శాపం.
ఈ దీపాన్ని అపహరించినవారు
గంగ కరుత కపిలను వధించిన పాపానఁ బోదురు.
ఫారంలో శాపానికి గడి లేదు.
"ఇతర వివరాలు" కింద ఎక్కించింది.

తర్వాత తన చట్టం చెప్పింది.
డెబ్బైలో దేశాలు కూచుని రాసుకున్న ఒప్పందం.
దొంగసొత్తైతే ఆపొచ్చు, తాళం వెయ్యొచ్చు,
తిప్పి పంపాలంటే మాత్రం
ఆ దేశం నోరు తెరిచి అడగాలి.
అడగందే అమ్మైనా పెట్టదు, నిజమే.
అడగాలంటే పోయిందని తెలియాలి కదా.
ఏ గుడిలో చీకటైందో
ఎవరో ఒకరు చూసుండాలి కదా.

ఫోర్క్‌లిఫ్ట్ ఆపి డెస్మండ్ కోలార్డ్ వింటున్నాడు.
నూంగార్ మనిషి, ఈ నేలవాడు.
"మా ముత్తాత డాలు ఇంగ్లండులో ఓ సొరుగులో ఉంది.
ఎక్కడ్నించి తెచ్చారో చీటీ కూడా కట్టే ఉంది.
కాకపోతే మరీ ముందు పోయింది," అన్నాడు,
డెబ్బై అనే ఆ అంకెను
ఎత్తు గుమ్మాన్ని చూసినట్టు చూస్తూ.

అప్పుడు తిప్పాం సెమ్మెను.
ఊరి పేరు ఉండాల్సిన చోట
ఆకురాయి గీతలు. కొత్తవి. పచ్చగా మెరుస్తున్నాయి.
దాతను వదిలేశాడు. శాపాన్ని వదిలేశాడు.
చెరిపింది రెండంగుళాలు, అంతే.
తెలుగు వచ్చినవాడు.
నేను దిద్దిన గుణింతమే దిద్దినవాడు.

రోగిని సొంత ప్రశ్నలు అడగకూడదు, అదీ నియమమే.
మర్లీన్ టీకి లేచాక
వార్డులో ప్రతి ముసలమ్మనీ
దొంగతనంగా అడిగేదే అడిగాను:
ఏ ఊరమ్మా మీది?

గీతల చివర, ఆకురాయి జారిన చోట
ఒక్క సున్న మిగిలుంది.

ఇంటికొచ్చి మొదలుపెట్టాను,
పేరులో సున్న ఉన్న ఊళ్ళన్నీ.
తెల్లారేసరికి రెండు నోటుపుస్తకాలు.
ఇంకా 'గ' దగ్గరే ఉన్నాను.