ఒకటా, ఏడా

ఆ చలికాలం సిరా గడ్డకట్టేది.
బుడ్డిని చంకలో పెట్టుకుని పడుకునేవాణ్ణి.
పొద్దున లేస్తే చొక్కా మీద నల్లటి మరక.
మా పటాలంలో గుమాస్తాకి దక్కిన పతకం అదొక్కటే.

కెప్టెన్ ఎలిఫలెట్ థోర్న్ కమిషన్ తేదీ జూన్ పద్నాలుగు.
కెప్టెన్ జోథమ్ ప్రూయిట్‌ది జూన్ పదకొండు,
కాకపోతే పదిహేడు.
రాసింది నేనే.
బాతు ఈక చీలిందో, వేలు వణికిందో,
నిలువుగీత నెత్తిన సన్నటి తోక మొలిచింది.
ఒకటికి టోపీ పెడితే ఏడు. అంతే.

అంతే అంటే కుదరదు.
మూడు రోజుల పెద్దవాడు వరసలో కుడివైపు నిలబడతాడు.
కర్నల్ మంచం పడితే
ఆరువందల మందికీ నోరు అతనిదే.
కర్నల్ మంచం పట్టాడు.

థోర్న్ ఊళ్ళో టోపీలు కుట్టేవాడు,
ప్రూయిట్ పొలాల హద్దులు కొలిచేవాడు.
రాజు వద్దనే కదా తుపాకులు పట్టాం,
ఏడాది తిరక్కుండా ఇద్దరు తయారు.

డచ్చి రైతు ఇంట్లో, వెన్న చిలికే గదిలో,
మూడు రోజులు విచారణ.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
అక్కడ కత్తి దూసిందెవరు?
ఒరలే ఒకదాన్నొకటి రాసుకుంటూ కూర్చున్నాయి.
కాగితాన్ని కొవ్వొత్తికి అడ్డంపెట్టి చూశారు,
వాసన కూడా చూశారు.
నన్ను పిలిచి అడిగారు: ఇది ఒకటా, ఏడా?

ముందురోజు రాత్రి ప్రూయిట్ నాకు
ఉన్ని మేజోళ్ళ జత ఒకటి ఇచ్చాడు.
థోర్న్ ఏమీ ఇవ్వలేదు, ఒక చూపు తప్ప.
నా చేతిరాత నన్నెరగనట్టు చూసింది.
తెలీదయ్యా, అన్నాను.
అబద్ధం కాదది. నిజమని కూడా ఒట్టు వెయ్యలేను.

మిల్లు రేవులో పదకొండుగురు కాపలా.
సార్జెంట్ హోజియా టిబెట్స్‌కి చదువు రాదు.
ఒకే రాత్రి రెండు చీటీలు అందాయి,
రెండిటి మీదా ఒకే లక్క ముద్ర.
డ్రమ్ము కొట్టే ఆసహేల్ చదివి పెట్టాడు:
వెనక్కి వచ్చెయ్యండి, అని ఒకటి.
అడుగు కదిపితే ఉరి, అని ఒకటి.
'ఇద్దర్లో పెద్దెవరురా?'
'అదే తేలాలట.'
సార్జెంట్ నవ్వాడట,
మంట ఆరిపోతోందని చీటీలు రెండూ అందులో వేశాడట.
కాసేపు బాగా వెలిగిందని చెప్పాడు పిల్లాడు.

చెప్పడానికి వాడొక్కడే మిగిలాడు.
తెల్లవారుజామున సూప్ గిన్నె తోముకు రమ్మని
వాగు మలుపు దాకా పంపాడట సార్జెంట్.
మంచులోంచి ఎర్రకోట్లు వచ్చినప్పుడు
వాడి చేతుల్లో గిన్నె ఉంది, ఇసక ఉంది.

ఆంబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్ళు విరుగుతాయని
మా వంటవాడు అనబోయి, థోర్న్‌ని చూసి ఊరుకున్నాడు.

నేల ఇనుములా ఉంది. పదిమందికీ ఒకటే గొయ్యి.
జాబితా రాయాలి. ఎవరి పేరు ముందు?
కెప్టెన్లిద్దరూ నా బల్ల దగ్గరికొచ్చి,
మొదటిసారి ఒక్క మాట మీద నిలబడి చెప్పారు:
హోదా ప్రకారం రాయి.

నేను ఆసహేల్‌ని అడిగాను,
ఆ రాత్రి సూప్‌కి ఎవరి వెనక ఎవరు నిలబడ్డారని.
వాడు కళ్ళు మూసుకుని, వేళ్ళు మడుస్తూ చెప్పాడు.
ఎనోస్ క్రిబ్. లెమ్యుయెల్ వోస్. ఆ పొట్టి నేతగాడు, పేరు...
ఆగి గుర్తుచేసుకున్నాడు: థాంక్‌ఫుల్ రీడ్.
అలాగే రాశాను.
సార్జెంట్ పేరు అడుగునెందుకుందని థోర్న్ అడిగాడు.
గిన్నె ఎప్పుడూ చివర పట్టేవాడు, అన్నాను.
ప్రూయిట్ కిటికీలోంచి ఏదో కొలుస్తున్నట్టు చూశాడు.

కింద తేదీ: జనవరి పదిహేడు.
ఈసారి ఏడు నడుం మీద
అడ్డంగా ఇంకో గీత కొట్టాను,
కాగితం చిరిగేలా.

మేజోళ్ళు నేను తొడుక్కోలేదు.
పిల్లాడికిచ్చాను.
వాడికవి మరీ పెద్దవి.