డ్రాయింగులో లేని టైర్లు

రెండు మీటర్లకొక స్తంభం.
చంద్రగిరి దాటి చిత్తూరు దిక్కుకి
తిన్నగా పొయ్యే రోడ్డుకి ఎడంపక్క
రెండొందల స్తంభాలు
నేనూ మునికృష్ణా నాటినాం.
తొమ్మిది దినాలు పట్టింది.
ఆ నాలుగొందల మీటర్లని
పిల్లోళ్ళు పన్నెండు సెకన్లలో అయిపోగొడతారు.

శనివారం రేత్రి ఒంటిగంటకి వస్తారు.
ఈ కొసన ఒక సున్నపు గీత, ఆ కొసన ఒకటి.
మా మేస్త్రీ కూడా అంత నేరుగా గీయలేడు.
నెంబరు ప్లేట్లకి పేడ పూసి, సైలెన్సర్లు విప్పేసి
నిలబడతాయి బండ్లు.
ఒకడు సెల్లుఫోను లైటు ఊపుతాడు.
దూరంగా కొండమీద ఘాటురోడ్డు దీపాలు
మెలికలు మెలికలుగా,
దేనికీ తొందర లేనట్టు.

సోమవారం పొద్దన్నే మా పని.
రేకు చూసి చెప్పేస్తాను.
చేటమాదిరి లోతుగా వంగితే లారీ.
గీరుకుంటా పోయి రంగు వదిలితే కారు.
రేకు రేకుగానే ఉండి
కింద, స్తంభం మొదట్లో
మట్టి దున్నినట్టుంటే
అది బండి కాదు.

ఇంజినీరు సారు చెప్పినాడు:
ఈ రేకు దెబ్బని మింగుతుంది,
వంగి, బండిని మళ్ళా రోడ్డుకే తోస్తుంది.
నిజమే సార్, కారుని తోస్తుంది.
బైకు మీంచి జారినోడు రేకు కింద దూరతాడు.
ఆడ ఉండేది స్తంభమే.
అరవై కేజీల పిల్లోడికి
ఇనుము యాడ వంగుతుంది?
సారు పేజీ తిప్పినాడు.
స్తంభం గీసుండాది, బోల్టు గీసుండాది,
బోల్టుకి వాషరు గూడా గీసుండాది.

జ్ఞానశేఖర్. ఇరవై ఏండ్లు.
దామలచెరువు మండీలో మామిడికాయల గంపలు దించేవాడు.
ఆ రేత్రి గెలిచింది వాడే.
గీత దాటినాక, ముప్పయ్యో స్తంభం కాడ.
ఎప్పుడూ అంతే,
పడేది గెలిచినాకే, బ్రేకు పట్టేకాడ.
వాళ్ళ నాయన వచ్చి
స్తంభాన్ని మీద నుంచి కిందికి తడిమి
"దీన్ని ఎవురు నాటినారు?" అనడిగినాడు.
మునికృష్ణ నా వైపు చూసినాడు.
నేను స్పానరు జేబులో పెట్టుకున్నా.

ఖాజా పంచరు కొట్టు వెనక
అరిగిపోయిన టైర్ల గుట్ట.
ఊరికే తీసకపో అన్నాడు, దోమలు పోతాయని.
స్తంభానికి మూడు, కట్టుకమ్మీతో బిగించి,
ముందు ముప్పయ్యో దానికి,
తర్వాత అటు పది, ఇటు పది.
ఆదివారాలు, కూలి లేకుండా.

"మెత్తగా పరిస్తే ఇంగా గట్టిగా తోల్తారన్నా,"
అన్నాడు మునికృష్ణ.
దానికి నాకాడ జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

కాంట్రాక్టరు జీపు ఆపినాడు.
"డ్రాయింగులో లేవే ఇవి? బిల్లు రాదు."
బిల్లు అడగలేదన్నా అన్నా.
"సోమవారానికల్లా పీకెయ్."
సరే అన్నా.
ఏ సోమవారమో ఆయన చెప్పలేదు.

పోయిన వారం
ముప్పై నాలుగో స్తంభం కాడ
టైరు చీలుండాది.
నీలం రంగు అంటుకోనుండాది.
ఒక బూటు, లేసు ముడి విప్పకుండానే.
రక్తం లేదు.
టార్చి వేసి రెండుతూర్లు చూసినా. లేదు.
తడి మట్టిలో అడుగులు,
ఒకటి బూటుది, ఒకటి వట్టి పాదం,
బూటుది లోతుగా, పాదం పైపైన,
కుంటుకుంటా రోడ్డుదాకా పోయినాయి.

చీలిన టైరు కోసేసి వేరేది కట్టినా.
బూటు దులిపి రేకు మీద పెట్టినా,
వస్తే తీసుకుంటాడని.
దిగి నాలుగడుగులేసినాక
మళ్ళా ఎనక్కి చూసినా.
వాడు రాకుంటేనే బాగుండు,
రెండో బూటు గూడా యాడన్నా పారేసి.