విషయం అనే గడి

నా పని ఉత్తరాలు విప్పడం.
సుపీరియర్ సరస్సు గాలికి తలుపు దానంతటదే కొట్టుకునే గదిలో
ఇరవై రెండేళ్ళుగా
ఎవరెవరి ప్రేమల్నో బల్ల మీద పరిచి
నీలిదీపం కింద తిప్పి చూసి
ముద్ర వేసి, మళ్ళీ వాళ్ళ మడతల్లోనే మడిచిపెట్టడం.

జైలు దాటే ప్రతి బొమ్మకీ ఒక ఫారం.
పేరు. నంబరు. కొలత. విషయం.
గులాబీ అయితే గులాబీ అని రాస్తాను.
ముళ్ళకంచె మీద పావురం, కారుతున్న కన్ను,
ఫోటో చూసి ఒకాయన గీసే కూతురు
(ఎనిమిదేళ్ళుగా ఆ పిల్లకి ఆరేళ్ళే)
అన్నీ ఆ గడిలో ఇమిడిపోతాయి.

లెమ్యూల్ గ్రేడీ బొమ్మ ఇమడలేదు.

క్యాంటీన్ చీటీ వెనకవైపు, అరచెయ్యంత.
కింద కాఫీ గోధుమ.
మధ్యలో నారింజ, అంచు దాకా వచ్చి
ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది.
పైన బూడిద రంగు పట్టీ.
"ఏమీ లేదు" అని రాశాను. ఆ ఏడే చేరాను నేను.
హాల్వర్సన్ తిప్పి పంపాడు:
ఏమీ లేనిదాన్ని ఎవడూ ఇంత శ్రద్ధగా చెయ్యడు,
పటం కావచ్చు, సంకేతం కావచ్చు.

ముగ్గురం తలకిందులుగా పట్టుకుని చూశాం.
కుక్కని తెచ్చాం.
నారింజ అంతా చిప్స్ మీది జున్నుపొడి.
తలా తోకా లేని ఆ బొమ్మకి
మొదట తోక ఊపింది అదే.

అతన్ని పిలిపించాం.
నలభై రెండేళ్ళ శిక్షలో అప్పటికి పదకొండు అయ్యాయి.
"ఏమిటిది?"
"మంగళవారం."
"మంగళవారంలో ఏముంది?"
"నేనూ అదే చూస్తున్నాను మేడమ్."

మంగళవారం అని రాశాను.
ఫ్లింట్‌లో వాళ్ళక్క వర్నీడాకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నెలకొకటి.
నీలం, పెన్ను రీఫిల్ ఊది తీసింది.
తెలుపు, పళ్ళపేస్టు; ఆరాక చిట్లి
నా బల్ల మీద కాస్త రాలేది.
కుంచె అతని జుట్టే.
రంగులో ఇరుక్కున్న వెంట్రుకలు
ఏటికేడూ తెల్లబడ్డం చూశాను,
మనిషిని మాత్రం మూడేళ్ళకోసారైనా చూడలేదు.

ఎరుపు ఒక్కసారీ రాలేదు.
ఎందుకని అడగలేదు. ఫైలు చదివాను.
పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, ఒక కిరాణా కొట్టు, రాత్రి పదకొండుంపావు.
కొట్టాయన పేరూ ఉంది అందులో.
ఆ పేరు ఇక్కడ చెప్పను.

మధ్యాహ్నం నా తిండి కారులో, సరస్సుకెదురుగా.
నవంబరులో ఆ నీళ్ళు
అచ్చం అతని పై పట్టీ రంగే.
ఇన్నాళ్ళకి కనిపెట్టానని సంబరం.
ఒకరోజు వరండాలో ఎదురైతే ఉండబట్టలేక
"సరస్సు కదూ?" అన్నాను.

చాలాసేపు చూశాడు, నన్ను నొప్పించకుండా చెప్పే దారి వెతుకుతున్నట్టు.
"నా కిటికీ గోడవైపు మేడమ్.
అది నేల తుడిచిన నీళ్ళు.
బకెట్ రెండ్రోజులు కదపకుండా ఉంచితే
అడుగుకి దిగుతుంది."

ఆ మధ్యాహ్నం శాండ్‌విచ్ దిగలేదు.
ఎదురుగా సరస్సు
రెండ్రోజులు ఎవరూ కదపని నీళ్ళలా ఉంది.

ఈ జనవరిలో ఒక కవరు వెనక్కి వచ్చింది.
వర్నీడా గ్రేడీ, చిరునామాలో లేరు.
లేరు అన్నది ఎలాంటి లేరో
తపాలావాళ్ళు రాయరు.
అతని గదిలో కాగితాల పరిమితి నిండిపోయింది.
తిరిగొచ్చిన వస్తువుని ముప్పై రోజుల్లో
ధ్వంసం చెయ్యాలి. దానికీ ఫారం ఉంది.

పేరు. నంబరు. కొలత.
బొమ్మ దీపం కింద పెట్టాను.
ఈసారి గోధుమ లేదు, నారింజ లేదు,
కాగితమంతా పళ్ళపేస్టు తెలుపే,
ఒక మూల వేలిముద్ర, పొరపాటున పడిందో
పెట్టిందో.

ఇవాళ ఇరవై తొమ్మిదో రోజు.
ఏ వారమో గోడ మీద చూస్తేగానీ చెప్పలేను.
ఫారం సొరుగులో ఉంది,
ఆ ఒక్క గడీ తప్ప
అన్నీ నింపాను.