పసుపు మూత

మంగళవారం రాత్రి పదిన్నరకి
మా పసుపు మూత చెత్తడబ్బా దగ్గర ఒక టార్చిలైటు.
బల్లరాట్ చలి. ఆవిడ నోట్లోంచి పొగ.
పక్కింటి గ్లెనిస్ పాస్కో,
డెబ్బై దాటిన మనిషి, మోచేతిదాకా మా చెత్తలో.

నేను కర్టెన్ వెనక, దొంగలా, నా ఇంట్లోనే.

"మనమేం తింటున్నామో చూస్తోంది" అన్నాను.
"ఏం తాగుతున్నామో" అంది భ్రమర.
బుధవారం ఆఫీసులో చెప్పాను, కాస్త ఉప్పూ కారం చల్లి.
శనివారం సుదర్శనం గారింట్లో
పప్పుచారు వడ్డన అయ్యేసరికి
టార్చి కాస్తా కెమెరా అయింది.
"ఈ ఊళ్ళో ఇంతే" అన్నారెవరో.
తలలూపాం.
ఎంత సుఖంగా ఉందో,
అందరం కలిసి ఒకరిని తేల్చేయడం.

జూన్‌లో ఆవిడ కోటు చూశాను.
జేబు చిరిగితే పిన్నీసు పెట్టుకుంది.
ఇక్కడ ఖాళీ సీసా తిరిగిస్తే పది సెంట్లు.
అదా సంగతి!
ఒక్క పిన్నీసుకి నా తీర్పు బోర్లా పడింది.
పాపం, పెన్షన్ చాలదు కాబోలు.
జాలి ఎంత చప్పున వచ్చిందో,
నా కొలతలకే కుట్టించిన చొక్కాలా.
మరుసటి మంగళవారం
సీసాలన్నీ సంచిలో కట్టి
అడుగున ఇరవై డాలర్ల నోటు మడిచి
ఆవిడ గుమ్మంలో పెట్టొచ్చాను.
ఆ రాత్రి బాగా నిద్ర పట్టింది.

తెల్లారి తలుపు చప్పుడు.
సంచి కట్టింది కట్టినట్టే ఉంది.
నోటు మాత్రం పైకొచ్చింది, బట్టల క్లిప్పు కింద.
రెండో చేతిలో మా ఆవకాయ సీసా,
అద్దంలా కడిగి.

"జిడ్డుతో వేస్తే ఎర్ర చీటీ అంటిస్తారు.
మూడు చీటీలైతే డబ్బా పట్టుకుపోతారు.
మీ ముందు అద్దెకున్నవాళ్ళకి అలాగే అయింది.
చెబుదామనే చూశాను.
నేను కనబడితే మీరు కర్టెన్ లాగేస్తారు."

ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.
ఏడ్చిందనుకున్నాను.
"ఏం కలుపుతారు ఇందులో?
రాత్రి నుంచీ ఒకటే మంట" అంది.

సుదర్శనం గారింట్లో ఇది ఇంకా చెప్పలేదు.
మొదటి కథకి రెండు నిమిషాలు పట్టింది.
దీనికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఇవాళ మళ్ళీ మంగళవారం.
సింకు దగ్గర నిలబడి
నూనె సీసాలో వేడినీళ్ళు పోసి కుదుపుతున్నాను.
పక్కింట్లో దీపం లేదు.
ఎందుకు లేదో
అప్పుడే నాకు తెలిసిపోతోంది.