మూడువేల దగ్గర నిలిచిన గీత

ఔలులో ఫిబ్రవరి. గ్యారేజ్ తలుపు కింద నుంచి
మంచు సన్నగా నాలుక చాస్తోంది.
హెల్వి గారి బండి, డెబ్బై అయిదు నాటి యమహా,
రెండు సిలిండర్ల ముసలిది,
నా బల్ల ముందు పంచాయితీకొచ్చినట్టు కూర్చుంది.

థ్రాటిల్ వదిలేసినా దిగిరాదట ఇంజన్.
గొడవ సద్దుమణిగాక కూడా
అరుస్తూనే ఉండే మనుషులుంటారే, అలా.
ఇక ముల్లు: ఆపి ఉంచితే సున్నా దగ్గర బుద్ధిమంతురాలు,
కదిలితే చలిజ్వరం.

కేబుల్ లాగి చూశాను. ఎన్నేళ్ళ ఎండో అందులో.
గ్రీజు పూసి మళ్ళీ ఎక్కించాను.
వణుకు పోయింది. అంకె పోలేదు.
చెయ్యి తీసేసినా నాలుగు వేలంటుంది.

నా చెవి ఒప్పుకోలేదు.
ముప్పై ఏళ్ళు ట్రాన్స్‌ఫార్మర్ల పక్కన అన్నం తిన్న చెవి,
సెకనుకు యాభై అంటే ఏమిటో
నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.
ఇది యాభై. అంటే మూడు వేలు.
కానీ చెవి మాట కోర్టులో చెల్లదు.
ఇంజన్ మొండిది, ముల్లు అబద్ధాలకోరు,
వాళ్ళిద్దరి మధ్య నేనెవర్ని అడగాలి?

తల పైకెత్తాను.
పాత ట్యూబ్‌లైట్, లావాటి చోకుది,
సెకనుకు నూరుసార్లు ఆరిపోతూ
ఆ సంగతి కంటికి తెలియనివ్వనిది,
నా పని మీద రోజంతా కూనిరాగం తీసేది.
దాన్నే పిలిచాను సాక్ష్యానికి.

ఎడమ మూత విప్పి
రోటర్ మీద సుద్దతో ఒక గీత గీసి, పొగ గొట్టానికి
పైపు తగిలించి కిటికీలోంచి బయటికి పంపి, కిక్ కొట్టాను.
గీత కరిగి బూడిద రంగు చక్రమైంది.
కాసేపటికి ఆ బూడిదలోంచే తేలి వచ్చి
వెనక్కి ఈదింది, ముందుకు ఈదింది,
ఆగింది.
గిర్రున తిరుగుతున్న ఇనుము మీద కదలకుండా
ఎదురెదురుగా రెండు తెల్లటి గీతలు.
ఇంజన్ మంద్రంలో, దీపం ఆ పై స్థాయిలో,
ఒకే షడ్జం.
మూడు వేలు. ఇక వాదన లేదు.
ముల్లు మాత్రం నాలుగు దగ్గర,
కన్నార్పకుండా.

దాని లోపలి వెంట్రుకంత స్ప్రింగ్ నీరసించి ఉంటుంది.
మూడుకు నాలుగు, ఆరుకు ఎనిమిది,
ఎంత ఇస్తే అంతకు మూడోవంతు కలిపి చెబుతోంది.

మరి ఇంజన్ ఎందుకు దిగదు?
స్పార్క్‌ని ముందుకు తోసే గుండ్ల మీద అనుమానపడి
ఓ మధ్యాహ్నం పాడు చేసుకున్నాను. పాపం, వాటి తప్పేమీ లేదు.
కార్బురేటర్ మెడ దగ్గరి రబ్బరు మీద
క్లీనర్ చుక్క చిమ్మగానే గొంతు మారింది.
మడతలో దాక్కున్న పగులు,
అందులోంచి దొంగగాలి.

సీటు కింద నూనె మరకల నోటుబుక్కు దొరికింది.
రైమో గారి రాత, పెన్సిలుతో:
"కెమి రోడ్డు. ఎదురుగాలి. ఎనిమిది వేలు!"
ఆ ఆశ్చర్యార్థకం దగ్గర నా వేలు ఆగింది.
పక్కన ఆరు అని వేయబోయి
పెన్సిలు చెవి వెనక పెట్టేసుకున్నాను.

సాయంత్రం ఫ్లాస్కుతో వచ్చింది హెల్వి.
చెప్పకుండా ఉండలేకపోయాను.
ఆవిడ కాఫీ వంపుతూ వంపుతూ నవ్వింది,
కప్పు నిండి పొర్లింది.
"పద్దెనిమిదేళ్ళు వెనక సీట్లో కూర్చున్నానయ్యా.
నా తల రుమాలు ఒక్కసారైనా జారితే కదా!"

తర్వాత బండి వైపు చూసి, నెమ్మదిగా,
"రబ్బరు మార్చు. దాన్ని మాత్రం ముట్టుకోకు."

కొత్త రబ్బరు బిగించాను.
థ్రాటిల్ వదిలితే ఇంజన్ మెట్లు దిగినట్టు దిగి
పన్నెండు వందల దగ్గర కుదుటపడింది.
ముల్లు పదహారంది.
మేమిద్దరం ఏమీ అనలేదు.