చిమ్నీ రాకుండా

క్యాలెండర్ కంపెనీ ఆయన ఫోన్లో ఒకటే చెప్పాడు:
పన్నెండు నెలలకు పన్నెండు ద్వీపం బొమ్మలు కావాలి.
ఇసుక, కొబ్బరాకు, నవ్వే పిల్లలు,
కాళ్ళకు చెప్పుల్లేకపోతే మరీ మంచిది.
అండమాన్ పోను డబ్బివ్వలేదు.
అందుకని ఎన్నూరు.

రాయపురంలో తొలి బస్సు ఎక్కాను.
సంచిలో రెండు లెన్సులు, పులిహోర పొట్లం,
రిచీ స్ట్రీట్‌లో కాలు అతికించిన ట్రైపాడ్.
ఏటిపాయ దగ్గర పడవ దేశింగుది.
నా సంచీ చూసి, "పెండ్లా, సావా?" అన్నాడు.
వాళ్ళ దిబ్బకు ఫోటోలవాళ్ళు వచ్చేది
ఆ రెండింటికేనట.

దిబ్బ అనే అంటారు. ద్వీపం అంటే
ఎవరిదో ఇంటిపేరు పిలిచినట్టు చూశారు.
మూడు దిక్కులా ఉప్పునీళ్ళు.
నాలుగో దిక్కునా నీళ్ళే,
కాని ముందో గోడ లేచింది, దాని వెనక పోర్టు.

పిల్లలు పీతల్లా వచ్చారు, ఏ బొరియలోంచో తెలీదు.
తొమ్మిది మంది.
పదోది జీవిత, చంకలో తమ్ముడు,
వాడి చేతిలో సగం తిన్న మురుకు.

మోకాళ్ళ మీద కూర్చున్నాను.
కొంచెం ఎడమకి నాన్నా. ఇంకొంచెం.
చిమ్నీ రాకుండా.
ఆ గొట్టం ఎక్కడా దాగదు.
మడచెట్టు తీస్తే దాని నెత్తిన కొమ్ములా లేస్తుంది.
పిల్లాణ్ణి నిలబెడితే
వాడి చెవిలోంచి పొగ.

మా నాన్న స్టూడియోలో ఒక తెర ఉండేది.
రెండు కొబ్బరిచెట్లు, నీలం నీళ్ళు,
ముప్ఫై ఏళ్ళు అస్తమిస్తూనే ఉన్న సూర్యుడు.
హార్బరు కూలీలు జేబు దువ్వెన తడిపి దువ్వుకుని
దాని ముందు ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు.
తెర ఓ మూల చినిగింది.
నాన్న అక్కడ పూలకుండీ పెట్టాడు.
ఎవరు వచ్చినా చిరుగుకి అడ్డంగా
ఆ కుండీని అంగుళం అంగుళం జరిపేవాడు.

కొంచెం ఎడమకి నాన్నా,
అంటున్న నా గొంతులో
కుండీ నేల మీద రాసుకున్న చప్పుడు.

జీవిత చాలాసేపు ఓర్చుకుంది.
"అక్కా, దాన్ని యాల ఇడిసిపెడతావు?
దాని బూడిదకి మా అవ్వ దగ్గుతాది, నిజమే.
అయినా రేత్రి మా నాయన
దాని ఎర్రలైటు జూసే గదా ఒడ్డుకొచ్చేది."

ఏం చెప్పాలో తోచక కెమెరా ఇచ్చాను.
తమ్ముణ్ణి నా ఒళ్ళో పడేసింది.
బోర్లించిన పడవ అడుగున తారు అతుకు తీసింది.
ఎండుతున్న నెత్తళ్ళ మీద
కాకిని తోలుతున్న ఒక చెయ్యి తీసింది, చెయ్యి మాత్రమే.
తరువాత నా వైపు తిరిగింది.
"నవ్వొద్దక్కా. నవ్వితే ఎవురో తెలీదు."

ఇసుకలో గొంతుక్కూర్చున్న నేను,
ఒళ్ళో ఏడవబోతున్న పిల్లాడు,
చీర మీద మురుకు పొడి,
నా వెనక చిమ్నీ, కింద నుంచి పైదాకా, పొగతో సహా.

క్యాలెండర్ వాళ్ళు పదకొండు తీసుకున్నారు.
పన్నెండోదానికి
అండమాన్‌ది ఒకటి ఎక్కడో కొన్నారట.

మూడు వారాలకు ప్రింట్లు పట్టుకెళ్ళాను.
అవ్వ గడప మీద కూర్చుని
ఒక్కొక్కటీ కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది.
నీలం ఆకాశం. పక్కన పెట్టింది.
నవ్వే మనవడు. పక్కన పెట్టింది.
నా పదకొండు నెలలూ
చాప మీద పేకముక్కల్లా పడ్డాయి.

జీవిత తీసినదాని దగ్గర ఆగింది.
నన్ను చూడలేదు. వేలితో పొగ వెంట పోయింది,
గొట్టం మూతి నుంచి సముద్రం వైపు
వంగి పలచబడ్డ చోటుదాకా.
దగ్గు వచ్చింది. తగ్గేదాకా బొమ్మ వదల్లేదు.

"ఓ, ఆ దినమా," అంది.
"కొండగాలి. వలలు ఎత్తనేలేదు.
పొద్దంతా మగోళ్ళు ఇంట్లోనే."