మూడు మెట్ల కింద

గ్రిమ్స్‌బీ రేవులో చేపలకి పొగపెట్టే పాత కొట్టం అది.
ఇటుకల్లో ఇంకా హ్యాడక్ వాసన.
గోడలకి దుప్పట్లు వేలాడదీసి
స్టూడియో అని పిలుచుకుంటున్నాం.
మీటల దగ్గర కూర్చునేది నేను.
వాళ్ళ మొదటి రికార్డు వచ్చేనాటికి
మా అమ్మకింకా పాలపళ్ళు ఊడలేదు.

కోల్డ్ హార్బర్ ఫైవ్.
పేరులో ఐదుగురు, గదిలో నలుగురు.
బేస్ వాయించే మోస్టిన్ పోయి పదకొండేళ్ళు.
అతని కుర్చీలో ఎవరూ కూర్చోరు.
అలాగని దానికేమీ మర్యాదా లేదు,
తడి కోట్లన్నీ దాని మీదే పడేస్తారు.

మొదటిరోజు డెన్‌హామ్
ముప్పయ్యేళ్ళ కిందటి ఎత్తు కోసం గొంతు చాచాడు,
అటక మీది డబ్బా కోసం మునివేళ్ళ మీద లేచినట్టు.
అందలేదు.
మళ్ళీ. అందలేదు.
మూడోసారి పాట రాలేదు, దగ్గొచ్చింది.
ఎవరూ ఏమీ అనలేదు.
ఐవర్ తలొంచుకుని గిటారు మరలు వదులు చేస్తూ పోయాడు,
ఒక మెట్టు, రెండు,
మూడో మెట్టుకి తీగలు బట్టలారేసిన తాళ్ళలా సాగి
గుర్రుమన్నాయి.
“ఇక్కడికి దిగు. ఇక్కడ నేలుంది.”
డెన్‌హామ్ దిగాడు.
ఆ కింద, వాళ్ళ రికార్డుల్లో నేనెన్నడూ వినని మనిషి ఒకడు
ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉన్నాడు.

పెర్ల్‌కి మాటల దగ్గర పేచీ.
“రాత్రంతా తిరుగుదాం” అన్న చరణాన్ని
ఎర్రపెన్సిలుతో కొట్టేసింది.
“తొమ్మిదింటికే పడుకునేవాడివి, ఏ రాత్రి గురించయ్యా నీ పాట?”
ఆ ఖాళీలో ‘తెల్లవారి నాలుగు’ అని రాసింది.
ఒకటికి లేచి
మళ్ళీ నిద్రపట్టక
ఎదురింటి గోడని చూస్తూ నిలబడే
ఆ నాలుగు.

ఇక విల్ఫ్.
కణుపులు వాచిన వేళ్ళు,
డ్రమ్ము కర్రలకి సైకిలు హ్యాండిల్ పట్టీ చుట్టుకుంటాడు.
రెండు చెవుల్లోనూ వినికిడి మిషన్లు,
వాటి మీద మళ్ళీ హెడ్‌ఫోన్లు.
ఆ నాలుగు గంటల పాటకి పదిహేడో టేకు.
బయట వాన, లోపల హీటరు కాలిన వాసన.
రెండో చరణంలో మొదలైంది —
సన్నగా, సూదిలా, కీ...మంటూ.
అతని చెవిలో మిషను అరుస్తోంది.
ఆపమని చెయ్యెత్తాను.
పెర్ల్ నావైపు చూసి తల అడ్డంగా ఊపింది.
కుడిచేత్తో వెతికి వెతికి
ఆ కూత ఎక్కడుందో మీటల మీద పట్టుకుని
దాని మీద వేలు అలాగే నొక్కి ఉంచింది.
పాట మొత్తం ఆ ఒక్క దారానికి వేలాడింది.
మోస్టిన్ పోయాక
వాళ్ళ పాటలో ఐదోది ఏదో ఉండడం
అదే మొదటిసారి.

పద్దెనిమిదో టేకు తీయలేదు.

ఇప్పుడది టాక్సీల్లో, పెట్రోలు బంకుల్లో,
పిల్లల పుట్టినరోజు పార్టీల్లో కూడా.
ఆ శబ్దం ఏ సింథసైజరుదని
కుర్రాళ్ళు నన్ను అడుగుతారు.
ఒక విమర్శకుడైతే
రేవు మీద ఎగిరే ఒంటరి సముద్రపక్షి అని
రెండు పేరాలు రాశాడు.
మేం దిద్దలేదు.

శుక్రవారం పట్టికలో మొదటి స్థానం ప్రకటించారు.
ఐవర్ చేపలూ చిప్సూ తెచ్చాడు,
డెన్‌హామ్ వెనిగరు ఎక్కువైందని సణిగాడు.
అందరూ సర్దుకుంటుండగా విల్ఫ్ నా దగ్గరికొచ్చి
గొంతు తగ్గించి అడిగాడు:
“అంతా ఏదో కూత, కూత అంటున్నారు. ఎలా ఉంటుందది?”

ఆ ఎత్తు శబ్దాలు
అతని చెవులు దాటిపోయి ఇరవయ్యేళ్ళట.
తన పాటలో తనదే,
తనకొక్కడికే వినబడదు.

ఏం చెప్పాలో తోచక
“ఎదురింట్లో ఎవరో
టీకి నీళ్ళు పెట్టినట్టు” అన్నాను.

కాసేపు ఆలోచించాడు.
“అయితే ఇంకెవరో లేచే ఉన్నారన్నమాట” అని
మోస్టిన్ కుర్చీ మీంచి కోటు తీసుకుని
బస్సుకి వేళయిందని వెళ్ళిపోయాడు.